అన్నీ ఎక్కుతయన్న సేటు

సేటు పోయాడన్న కబురు నాకు మిస్డ్ కాల్‌గా వచ్చింది. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. తిరిగి నేనే చేస్తే, మా పాత వీధిలో టీ కొట్టు నడిపే జబ్బార్ ఎత్తి, "మిస్త్రీ సాబ్, మీ పక్క దుకాణం సేటు గుజర్ గయా. మంచోడుండె పాపం" అన్నాడు. పోయాడన్న మాట ఒప్పుకున్నాను. మంచోడన్న మాట ఒప్పుకోలేదు.

"సచ్చినోని మీద గట్ల మాట్లాడొద్దు మిస్త్రీ సాబ్."

"బతికున్నప్పుడు మొహం మీదనే అన్న. ఇప్పుడు మార్చుమంటవా?"

చచ్చిపోగానే ప్రతివాడూ మంచివాడైపోవడం మన దగ్గర ఒక రివాజు. ఫోటోకు దండ పడితే చాలు, కింద నిలబడ్డవాళ్ళందరి జ్ఞాపకశక్తీ ఒక్కసారే చెడిపోతుంది. నాకు ఆ విద్య రాదు. నాలుగో తరగతితో బడి మానేసి, జిల్లా గ్రంథాలయం బల్లల మీద నాకు నేనే చదువుకున్నవాణ్ణి. నేర్పినవాడు లేడు కనుక మొహమాటమూ నేర్చుకోలేదు.

నిజామాబాద్‌లో బస్టాండు దాటి బోధన్ రోడ్డుకు తిరిగే చోట నాది రేకుల కొట్టు. రేడియోలు, టేపులు, తర్వాత టీవీలు, చివరికి సెల్‌ఫోన్ల స్పీకర్లు బాగుచేశాను. పక్కనే అద్దాల తలుపుతో అతని దుకాణం. మధ్యలో ఒక్క ఇటుక గోడ. ఇరవై ఏళ్ళకు పైగా ఆ గోడకు అటువైపు అతను ఏం వాగినా నాకు వినిపించింది. అతని పెళ్ళాం కూడా అంత వినలేదు.

వాగుడంతా ఒకటే. "అస్లీ మాల్ భాయ్, అస్లీ మాల్." ఏది అమ్మినా అసలైన సరుకేనని అదే మాట. కొనకుండా లేచిపోయినవాడి వీపు చూసి అనేదీ ఒకటే. "తమీజ్ లేని జనం." మర్యాద తెలియనివాళ్ళట. సఫారీ సూటు, జేబులో మడత నలగని చేతిరుమాలు. ఆ రుమాలు మొహం తుడుచుకోవడానికి కాదు. రైతు ఎవరైనా గాజు బల్ల మీద చెయ్యి ఆనిస్తే, ఆ చెయ్యి తీసీ తీయకముందే అక్కడ తుడిచేవాడు. మార్కెట్ యార్డుకు పసుపు తెచ్చి, డబ్బు చేతికొచ్చిన రోజున ఏదైనా కొందామని వచ్చిన మనిషి వేళ్ళు పచ్చగా కాక తెల్లగా ఉంటాయా? ఆ పచ్చటి వేళ్ళ గుర్తు తుడుస్తూ వస్తువు గొప్పతనం చెప్పేవాడు. విన్నవాళ్ళకు గొప్పతనం అర్థమయ్యేదో కాదో, తుడవడం మాత్రం బాగా అర్థమయ్యేది.

ఎనభైలలో ఊళ్ళోకి వీడియోలు వచ్చినప్పటి నుంచి అతని తెలివి నాకు తెలుసు. ఊళ్ళో కిరాయికి తిరిగే మెషిన్లన్నీ పెద్ద క్యాసెట్టువి. ఇతను హైదరాబాద్ పోయి చిన్న క్యాసెట్టు మెషిను తెచ్చాడు. బొమ్మ బాగుంటుందట. నిజమే, బాగుండేది. నేను విప్పి చూశాను కాబట్టి చెబుతున్నాను, లోపలి పనితనం కూడా మేలైనదే. కానీ ఆ సైజు క్యాసెట్లు జిల్లా మొత్తంలో అతని దగ్గరున్న అయిదే. ఒకసారి బోధన్ అవతల ఒక ఆంధ్ర క్యాంపులో, నిజాంసాగర్ కాలువ కింద వరి వేసుకోవడానికి కోస్తా నుంచి వచ్చిన రైతుల పేటలో, పెళ్ళికి వీడియో ఆడించడానికి జీపులో పోయాడు. వైర్ల పనికి నన్నూ తీసుకుపోయాడు. అయిదూ వాళ్ళు చూసేసినవే. పక్క క్యాంపు నుంచి ఎవరో సైకిలు మీద పోయి కొత్త సినిమా క్యాసెట్టు తెచ్చారు. పెద్దది. దూరదు.

పెళ్ళికూతురు నాయనమ్మ ముందుకొచ్చింది. "ఏవయ్యా, తెచ్చారు గదా, వేసి చూపించు."

"ఇందులో పట్టదమ్మా. ఇది మంచి మెషిన్. అస్లీ మాల్."

"మంచిదైతే పట్టకపోవడమేవిటి?"

సగం జనం అక్కడే నవ్వారు. ఇతను మాత్రం దారంతా జీపులో గొణుగుతూనే ఉన్నాడు. "బొమ్మ సూసినవా మిస్త్రీ, అద్దం లెక్క ఉన్నది. ముసల్దానికి ఏం తెలుస్తది?" ముసలామెకు తెలిసిన సంగతి అతనికి ఎన్నడూ తెలియలేదు. పక్క క్యాంపువాళ్ళ క్యాసెట్టు పట్టే పెట్టెనే జనం పెట్టె అంటారు. తొంభైలలో హైదరాబాద్ దాటితే పనిచేయని పేజరొకటి నడుముకు తగిలించుకుని రెండేళ్ళు తిరిగాడు. అది మోగగా నేను వినలేదు.

ఇక ఫోన్ల కాలం. అప్పటికి సెల్లు లేని ఇల్లు లేదు. మీటలున్న చిన్న ఫోన్లు, రెండు సిమ్ములవి, టార్చి ఉన్నవి, చైనావి. అవి రోడ్డు మీద పాడితే మా కొట్టులో స్క్రూలు కదిలేవి. అటువంటప్పుడు ఇతను ఒక కంపెనీ కంప్యూటర్ ఫోను ఏజెన్సీ పట్టాడు. మీటలుండవు, అద్దం మీద వేలు పెట్టి జరపాలి. హైదరాబాద్ నుంచి టై కట్టుకున్నవాడొకడు వచ్చి, బోర్డు బిగించి, టీ తాగి, "కస్టమర్‌ను ఎడ్యుకేట్ చెయ్యాలండీ" అని చెప్పి, మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ మాట మాత్రం ఇతనికి మంత్రోపదేశంలా పట్టుకుంది. ఆనాటి నుంచి అతని కంటికి కొనేవాళ్ళంతా ఒకటో తరగతి ఫెయిలైనవాళ్ళు.

ఎవరొచ్చినా మొదట అడిగే మాట ఒకటే. "పాటలు ఎక్కుతయా?"

"ఎక్కుతయి. కంప్యూటర్ల కంపెనీ ప్రోగ్రాం ఏసుకోవాలె, దానితోని ఎక్కియ్యాలె."

"మా కాడ కంప్యూటర్ ఏడిది? మా బామ్మర్ది ఫోన్లకెల్లి ఎక్కదా?"

"ఎక్కదు. దొంగ పాటలు దీంట్లకు రావు. ఇది ఇజ్జత్ ఉన్న ఫోన్."

"మరి దీంట్లకెల్లి మా బామ్మర్దికి?"

"పోదు."

"రాదు, పోదు. మరేం చేస్తదే సేటు? పూజల పెట్టుకోవాల్నా?"

ఇలాంటివి గోడ ఇవతల కూర్చుని రోజూ విన్నాను. బ్యాటరీ ఊడిరాదు. తెలుగు అక్షరాలు వస్తే వాటి బదులు వరసగా డబ్బాలు పడతాయి. రెండో సిమ్ముకు చోటు లేదు. ఇక అన్నిటికంటే గొప్ప సంగతి, వేలితో ముట్టుకుంటేనే బతికే ఆ ఫోనును కొనవచ్చినవాడు ముట్టుకోకూడదు. దూరం నుంచి చూడాలి. ముట్టుకుంటే రుమాలు బయటికి వస్తుంది. సిరికొండ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి వేలు చాపి, రుమాలు చూసి, వేలు వెనక్కి తీసుకుని, "పిల్లను సూడవోయినా గింత దూరం కూసోవెట్టరు" అని చెప్పులు వేసుకున్నాడు.

రోడ్డుకు అవతల ఒక డబ్బా కొట్టు ఉండేది. "పాటలు ఎక్కించబడును" అని అట్టముక్క మీద రాసి వేలాడదీశాడు వాడు. పొద్దున్నుంచీ అక్కడ జాతర. వాడి దగ్గర ఫోను కొన్నవాడు వెళ్ళేటప్పటికి అందులో వంద పాటలు, చెల్లెలి పెళ్ళి ఫోటోలు, ఊరివాళ్ళ నంబర్లు అన్నీ ఉండేవి. ఇతను అద్దంలోంచి అటు చూసి "కూరగాయల మార్కెట్" అనేవాడు. కూరగాయల మార్కెట్‌కు జనం ఎందుకు పోతారో ఒక్కనాడు ఆలోచించలేదు. మనిషి ఫోను కొనేది అద్దం మెరుపు చూసి కాదు, తన చుట్టూ ఉన్న ఫోన్లను చూసి. తనవాళ్ళ ఫోన్లతో పొత్తు కుదరని ఫోను ఎంత మెరిసినా, కులం వెలివేసినవాడి ఇంటి ముందు ముగ్గులాంటిది. ఈ చిన్న మాట నేను అతనికి పదిసార్లు చెప్పాను.

"నువ్వు రేడియోలు జేస్కో మిస్త్రీ. నీకు జమానా తెల్వదు" అనేవాడు.

సరే. ఇంతవరకైతే నాకు అతని మీద నవ్వే తప్ప కోపం ఉండేది కాదు. నష్టపోతే అతనే పోయేవాడు. కోపం వేరే సంగతికి.

ప్రభుదాస్ అని, బోధన్ వైపు ఒక క్యాంపు రైతు దగ్గర చెరుకు ట్రాక్టరు నడిపేవాడు. మెథడిస్టు కుటుంబం. వాళ్ళ అమ్మ నాట్లకూ చెరుకు పనికీ కూలికి పోయి అతణ్ణి పెంచింది. ఆమె పోయి అప్పటికి మూడు నెలలు. ట్రాక్టరు సామాన్ల కోసం ఊళ్ళోకి వచ్చి, ఫోను స్పీకరు గరగరమంటోందని నా దగ్గరికొచ్చాడు. చేతిలో పని ఉండి, "జరసేపు కూసో" అన్నాను. నా దగ్గర ఉన్న ఒక్క స్టూలు మీద అప్పటికే ఒక టేప్‌రికార్డరు కూర్చుని ఉంది. అతను పోయి సేటు మెట్టు మీద కూర్చున్నాడు.

సేటు దగ్గర అప్పటికి ఆ ఫోన్లు నాలుగు మిగిలి దుమ్ము పడుతున్నాయి. పాత ఫోను తెచ్చి ఇస్తే కొత్తది సగానికి ఇస్తానని అట్ట పెట్టాడు. మెట్టు మీద మనిషి దొరికితే వదులుతాడా?

"ఏందిరా భయ్, ఇంకా గీ డబ్బా పట్టుకొని తిరుగుతున్నవా? మీ పటేల్ ఇజ్జత్ తీస్తున్నవ్."

"నాకు గిది సాలు సేటు. దీంట్ల మా అవ్వ పాట ఉన్నది."

"పాటనే కదా?"

"అవ్వే పాడింది. నేనే రికార్డు చేసిన. గది గీ కొత్తదాన్ల ఎక్కుతదా అన్నా? అది ఎక్కుతదంటే తీస్కుంట. లేకుంటే నాకద్దు."

గోడ ఇవతల నా చెయ్యి ఆగింది. వందమందికి 'ఎక్కదు' అని నిజం చెప్పిన నోరే. ఆ ఒక్కసారి ఏమనుకున్నాడో, "అన్నీ ఎక్కుతయ్" అన్నాడు.

నేను విన్నాను. లేచి పోయి చెప్పలేదు. అతని దుకాణం, అతని బేరం, నాకెందుకనుకున్నాను. నా వంతు తప్పు అంతవరకు రాసుకోండి, కాదనను.

సేటు పాత ఫోను తీసుకున్నాడు. కొత్తది చేతిలో పెట్టాడు. మార్పిడికి వచ్చిన ప్రతి ఫోనునూ ముందు సాఫ్ చేయడం, లోపల ఉన్నదంతా చెరిపేయడం అతనికి అలవాటు, గాజు బల్ల తుడిచినట్టే. ముందు సాఫ్ చేశాడు. తర్వాత పాట వెతికాడు. ఆ చిన్న ఫోనులో కార్డు లేదు, ఉన్నదంతా లోపలే. పోయింది.

"దాంట్ల ఏం లేదు భయ్" అన్నాడు, ఏమీ జరగనట్టు.

"ఉండె అన్నా. పొద్దుగాల ఇన్న. స్పీకర్ బాగుచేపిద్దామని అచ్చిందే దానికోసం."

"ఉంటే కనవడదా?"

ప్రభుదాస్ నా దగ్గరికి ఆ ఫోను పట్టుకొచ్చాడు. నేను విప్పాను, కట్టాను. రేడియో మిస్త్రీని, సాఫ్ చేసిన ఫోనులోంచి గొంతు తీసే విద్య నాకు లేదు. అదే చెప్పాను. అతను గొడవ చేస్తాడనుకున్నాను. చేయలేదు. సేటు మెట్టు మీదికి పోయి, రెండు చేతుల్లో రెండు ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. లోపలికి వచ్చేవాళ్ళు అతన్ని దాటుకుని రావాలి. దాటలేక కొందరు వెనక్కి పోయారు. మర్నాడూ పొద్దున్నే వచ్చి అక్కడే కూర్చున్నాడు.

అప్పుడు సేటు నా ముందే అన్నాడు: "ఒక ముసల్దాని పాటకు గింత లొల్లా? రోడ్డవతలికి పోయి నూరు పాటలు ఎక్కిపిస్త పట్టు."

నా చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. విసరలేదు కానీ, దాన్ని అతని గాజు బల్ల మీద ఎంత గట్టిగా పెట్టానంటే జబ్బార్ టీ కొట్టు వదిలి పరుగెత్తుకొచ్చాడు. "ప్రభుదాస్, ఆ పాట ఎవ్వలకన్న ఇచ్చినవా?" అని అడిగాను.

ఆలోచించాడు. "పోయిన సీజన్ల షుగర్ ఫ్యాక్టరీ లైన్ల ఒక డ్రైవర్ అడిగిండు. బ్లూటూత్ల ఇచ్చిన. ఎవ్వలో యాదికి లేదు."

"ఇప్పుడు సీజనే కదా. లైను ఉంటదా?"

"ఉంటది."

"లే సేటు. సాఫ్ చేసిన చెయ్యి నీదే. నువ్వే అడుగుదువు గాని."

రాననేవాడే. మెట్ల ముందు పదిమంది చేరారు, వాళ్ళ కళ్ళకు భయపడి వచ్చాడు. వస్తూ చంకలో ఒక సంచి పెట్టుకున్నాడు, అదెందుకో నాకు తర్వాత తెలిసింది. అందులో కంపెనీ కాగితాలు పెట్టుకున్నాడు. డ్రైవర్లకు ఫోన్లు అమ్మవచ్చునని. తల్లి గొంతు పోగొట్టుకున్నవాడి పక్కన ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని, బోధన్ దాకా ఆ కాగితాలు మోసుకొచ్చిన మనిషి గురించి జబ్బార్ నన్ను మంచిమాట చెప్పమంటాడు!

ఫ్యాక్టరీ ముందు తూకానికి ఆగిన చెరుకు బండ్ల వరుస రెండు మలుపులు తిరిగి ఉంది. డ్రైవర్లు గడల నీడలో పడుకుని, పేకాడుతూ, ఫోన్లలో పాటలు ఇచ్చిపుచ్చుకుంటూ ఉన్నారు. మొదటి బండి నుంచి అడగడం మొదలుపెట్టాం. "మా అవ్వ పాట, నాట్ల పాట, మీకెవ్వలకన్న ఎక్కిందా?" ప్రభుదాస్ అడిగేవాడు, నేను పక్కన. సేటు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక.

ఒకడు లేదన్నాడు. ఒకడు కార్డు పోయిందన్నాడు. ఒకడు లేచి కూర్చుని, "నడుమల ఆగి తిడుతది, గా పాటనా? నా కాడ ఉండె. నేను వర్ని దిక్కు పోరగానికిచ్చిన" అన్నాడు. వర్ని డ్రైవరు ఇంకొకడి పేరు చెప్పాడు. అతను, "దెగ్లూర్ దిక్కు మరాఠాయన ఉన్నడు సూడు, పచ్చ ట్రాలీ, రోజు అదే పెడుతడు. చెవులు మోగుతున్నయి" అన్నాడు.

మరాఠా డ్రైవరుకు తెలుగు రాదు. ప్రభుదాస్ ముక్కలు ముక్కలుగా అడుగుతుంటే నవ్వి, ఫోను తీసి నొక్కాడు. అదీ చైనాదే. పక్క బండ్లవాళ్ళు కూడా తలెత్తేంత గొంతుతో పాడింది:

"కాల్వ నీల్లచ్చినై కొడుకో, కాల్లు కడుక్కోని రారా,
మడి నీల్లు సల్లన కొడుకో, మా నడుమొక్కటె నొస్తదిరా..."

నడుమ ఒక దగ్గు. వెనక ఎక్కడో కోడి. మళ్ళీ పాట అందుకోబోయి, పాట వదిలేసి, "ఇగ బంద్ జెయ్యిరా, పాలు పొంగుతున్నయ్!" అని కసిరిన కేక. అక్కడితో అయిపోయింది.

ప్రభుదాస్ కింద కూర్చున్నాడు.

"ఛాన్ ఆవాజ్ ఆహే" అన్నాడు మరాఠా అతను. మంచి గొంతు అని. ఒక్క ముక్క అర్థం కాకుండా ఏడాదిపాటు విన్నాడు. పేరు కూడా పెట్టుకున్నాడు ఫోనులో, 'ఆయీ' అని. ఎవరి తల్లో తెలియకపోయినా, తల్లి అని తెలిసింది.

"ఘ్యా, ఘ్యా" అని, తీసుకోమని, పంపడానికి వెతికాడు. సాఫ్ చేసిన పాతది నా కొట్టు బల్ల మీదే ఉండిపోయింది, ప్రభుదాస్ చేతిలో ఉన్నది సేటు ఇచ్చిన కొత్త ఫోను. దానికి తీసుకోవడం రాదు. నా దగ్గరున్నది మాట్లాడటానికి తప్ప మరి దేనికీ పనికిరాని పాత డబ్బా. మరాఠా డ్రైవరు ఫోను తెర మీద మాత్రం చుట్టుపక్కల ఫోన్ల పేర్లు ఒకటొకటిగా పడుతున్నాయి. మున్నా, డ్రైవర్ రాజు, కింగ్, సాయిలు, బోధన్ బుల్లెట్. వాటి మధ్య ఒకటి: సేట్.

నేను చదివాను. మళ్ళీ చదివాను. తిరిగి చూశాను.

సఫారీ లోపలి జేబు ఉబ్బెత్తుగా ఉంది. "తియ్యి సేటు" అన్నాను.

"ఏం తియ్యాలె?"

"తియ్యి."

తీశాడు. మీటల ఫోను. రెండు సిమ్ములది, టార్చి ఉన్నది. మీద అంకెలు అరిగిపోయి ఉన్నాయి. ఏళ్ళ తరబడి వాడుతున్నాడు. మమ్మల్నందరినీ తమీజ్ లేని జనమని తిట్టిన ఆ రోజుల్లో కూడా, పెళ్ళాంతో మాట్లాడింది, చుట్టాల ఫోటోలు తీసుకున్నది, పాటలు విన్నది అందులోనే. అస్లీ మాల్ గాజు బల్ల కింద, నకిలీ మాల్ గుండె దగ్గర. చుట్టూ ఉన్న డ్రైవర్లు నవ్వడం మొదలుపెట్టారు. ఒకడు ఈల వేశాడు. "సేటూ, నీ ఫోన్ల పాటలున్నయా? మాకూ ఇయ్యరాదే!"

సేటు ఆ ఫోను మరాఠా డ్రైవరు వైపు చాపాడు. పాట అందులోకి వచ్చింది. వెనక మూత తీసి, సిమ్ములు రెండూ బయటికి లాగి, ఫోను ప్రభుదాస్ చేతిలో పెట్టాడు. "ఉంచుకో" అన్నాడు. కొత్తది తిరిగి తీసుకున్నాడు.

దీన్నే జబ్బార్‌లాంటివాళ్ళు మంచితనమని చెప్పుకుంటారు. దొరికిపోయినవాడు ఇచ్చేదానికి నా దగ్గర వేరే పేరుంది, ఇక్కడ రాయను.

కాసేపటికి నా దగ్గరికి వచ్చాడు. అరచేతిలో రెండు సిమ్ములు. "మిస్త్రీ, జర నీ ఫోనియ్యవా? బువ్వకు రానని ఇంట్ల చెప్పాలె."

ఇచ్చాను. నొక్కబోయి ఆగాడు. ఇంటి నంబరు నోటికి రాదు. అది ఆ ఫోనులో ఉంది.

ప్రభుదాస్ చెరుకు గడల నీడలో, ఫోనును చెవికి అదుముకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. సేటు పోయి ముందు నిలబడ్డాడు. "భయ్, దాంట్ల మా ఇంటి నంబర్ ఉన్నది. జర సూసి చెప్పవా?"

ప్రభుదాస్ కళ్ళు తెరవలేదు. చెయ్యి మాత్రం ఎత్తాడు.

"ఆగు అన్నా. అవ్వ మాట్లాడుతున్నది."

మూడుసార్లు విన్నాడు. సేటు ఎండలో నిలబడి ఆగాడు.